వేడి బండలో మూడు కిలోమీటర్లు: జియోథర్మల్ బావి ఎక్కడ మొండికేస్తుంది

విశాఖలో మధురవాడ, కొమ్మాది వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకి బోరు లారీ ఎంత వేగంగా పని చేస్తుందో తెలుసు. సాయంత్రం వచ్చి నిలబడితే తెల్లారేసరికి నాలుగైదు వందల అడుగులు అయిపోతుంది. పైన ఎర్ర గ్రావెల్, దాని కింద పుచ్చిపోయిన ఖొండలైటు, ఆ కింద గట్టి బండ. కేసింగ్ పైపు బండ తగిలేదాకానే వేస్తారు, ఆ కిందంతా ఉత్త రంధ్రమే. కాబట్టి జియోథర్మల్ బావి, అంటే భూమి లోపలి వేడితో కరెంటు తీయడానికి తవ్వే బావి, మాట ఎత్తగానే ఇక్కడ వచ్చే ప్రశ్న సహజమైనదే: రాత్రికి 150 మీటర్లు కొడుతుంటే మూడు కిలోమీటర్లకి ఇరవై రాత్రులు చాలవా? అదే బండ కదా?

బండ అదే. గట్టిదనానికి మందు కూడా దొరికింది, ఎలాగో కింద చెబుతాను. బావిని దెబ్బతీసేవి మిగతావి: వేడికి పాడయ్యే సామాను, దాన్ని మార్చడానికి పోయే సమయం, పగుళ్లలో మాయమయ్యే నీళ్లు, అన్నిటికీ మించి కేసింగ్. గట్టి బండని కొట్టడం మన బోరు వాళ్లకి చేతనవును. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 150 డిగ్రీలు, 10,000 పీఎస్ఐ ఒత్తిడి దాటిన సముద్రపు నూనె, గ్యాసు బావుల మీద పనిచేసిన ఆఫ్‌షోర్ వాళ్లకి వేడి కొత్త కాదు. జియోథర్మల్ బావికి ఈ రెండు విద్యలూ ఒకే రిగ్గు మీద కావాలి. ఒకటి మాత్రమే వచ్చినవాళ్లు ఎక్కడ దెబ్బతింటారో వివరంగా రాయాలనిపించింది.

ముందు మన కాళ్ల కింద వేడి ఎంతో చూద్దాం. తూర్పు కనుమల ఖొండలైటు, చార్నోకైటు సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికి తయారైన రాళ్లు. ఆ వేడి ఎప్పుడో చల్లారిపోయింది. ఇలాంటి పాత గట్టి నేలల్లో లోతుతో వేడి నెమ్మదిగా పెరుగుతుంది. కిలోమీటరుకి 20 డిగ్రీలు అనుకుని లెక్కేస్తే, పైన 28 డిగ్రీలతో మొదలై 200కి చేరడానికి ఎనిమిదిన్నర కిలోమీటర్లు దిగాలి. జర్మనీలో కేటీబీ బావి ఇలాంటి గ్నైసు రాళ్లలోనే 1994లో 9,101 మీటర్లకి చేరింది. అడుగున సుమారు 265 డిగ్రీలు. ప్రధాన బావికే నాలుగేళ్లు పట్టింది. రష్యా కోలా బావి 12,262 మీటర్లు దిగినా చూసింది 180 డిగ్రీలే. అందుకని కరెంటు కోసం విశాఖ కింద తవ్వమని నేను అనను. మన దేశంలో చూడాల్సినవి లద్దాఖ్‌లోని పూగా, ఛత్తీస్‌గఢ్ తాతాపానీ, మన గోదావరి లోయ. మణుగూరు దగ్గర సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది కూడా. విశాఖ ఇవ్వగలిగింది మనుషుల్ని, వాళ్ల పనితనాన్ని.

బోరు లారీ హామర్ అంత బాగా ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే, లోతుకి వెళ్లాక ఎందుకు ఆగిపోతుందో కూడా తెలుస్తుంది. గాలితో నడిచే పిస్టన్ బిట్టు నెత్తిన నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు వేస్తుంది. గట్టి బండ పెళుసుగా ఉంటుంది కాబట్టి కార్బైడ్ బటన్ల కింద పొడిగా పగిలిపోతుంది. అదే గాలి ఆ నుసిని పైకి ఊదేస్తుంది. ఆరున్నర అంగుళాల బోరులో మూడున్నర అంగుళాల రాడ్లు, 1,100 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి) కంప్రెసర్ అనుకుంటే పక్క సందులో గాలి వేగం సెకనుకి 30 మీటర్లు దాటుతుంది. నుసి లేవడానికి 15, 20 చాలు. నీళ్లు పడ్డాకే చిక్కు. వెయ్యి మీటర్ల నీటి నిలువు కలిగించే ఒత్తిడి సుమారు 100 బార్. లారీ మీది 300 పీఎస్ఐ కంప్రెసర్ ఇచ్చేది 20 బార్. బూస్టర్లు పెట్టి కొంత దూరం నెట్టుకురావచ్చు గానీ, బోరు గోడకి లోపలినుంచి ఆనుడు ఇచ్చే బరువు గాలికి లేదు, పగిలిన చోట రాళ్లు రాలి రాడ్లని పట్టేస్తాయి. పూగా లాంటి చోట ఇంకో ఇబ్బంది: అక్కడి ఎత్తు సుమారు 4,400 మీటర్లు. గాలి పలచన కాబట్టి అదే కంప్రెసర్ పంపే గాలి బరువు మూడో వంతు దాకా తగ్గిపోతుంది. ఇక్కడినుంచి లారీ తీసుకెళ్లి అక్కడ నిలబెడితే అదే పని ఇస్తుందనుకోకూడదు.

ఫిన్లాండ్‌లో ఎస్పో దగ్గర ఒటానియెమిలో హామర్, రోటరీ పద్ధతులు కలిపి పాత గట్టి రాయిలో 6.4 కిలోమీటర్లు దిగారు. తవ్వకం సాధ్యమేనని తేలింది. కానీ అడుగు రాయిలో కావాల్సినంత నీరు పారక ఆ ప్రాజెక్టు వ్యాపారంగా నిలబడలేదు.

సాధారణంగా లోతు బావుల్లో రోటరీయే, అంటే దెబ్బలతో కాకుండా బిట్టుని బరువుతో నొక్కి తిప్పుతూ తవ్వడమే. బిట్లలో రెండు రకాలు. మూడు కోన్ల రోలర్ బిట్టు కార్బైడ్ పళ్లతో బండని నలగ్గొడుతుంది. దాని ప్రాణం లోపలి బేరింగులో, ఆ బేరింగుని కాపాడే రబ్బరు సీలులో ఉంటుంది. వేడికి సీలు పోతే గ్రీజు పోతుంది, కాసేపటికి బేరింగు అరుగుతుంది, కోను ఊడి అడుగున పడుతుంది. దాన్ని ఏరడానికి రోజులు పోతాయి. రెండోది పీడీసీ బిట్టు. కదిలే భాగం ఒక్కటీ లేదు, కృత్రిమ వజ్రపు పలకలు బండని చెక్కుకుంటూ పోతాయి. వజ్రం పలకలో కలిపిన కోబాల్టు వేడికి వజ్రం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి, రాపిడి దగ్గర 700 డిగ్రీలు దాటితే పలక లోపల్నుంచే చిట్లుతుంది. అందుకే బిట్టు ముక్కుల్లోంచి నీటి ధార ఎప్పుడూ తగ్గకూడదు. మన ఖొండలైటులో క్వార్ట్జు, గార్నెట్, సిల్లిమనైటు మూడూ ఉంటాయి. భీమిలి ఇసుకలో ఎర్రగా మెరిసే గార్నెట్ ఈ రాళ్లదే. మూడూ గాజుని గీసేంత గట్టివి, బిట్టు అంచుల్ని తినేస్తాయి.

గ్రానైటుకి పీడీసీ పనికిరాదని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని మార్చింది అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఫోర్జ్ ప్రయోగ క్షేత్రం. 2020 చివర్లో మొదలుపెట్టి 2021 మొదట్లో ముగించిన 16ఏ బావిని 10,987 అడుగులు, అంటే 3,349 మీటర్ల పొడవున, చివరి భాగం నిలువుకి 65 డిగ్రీలు వాల్చి తవ్వారు, కింది భాగమంతా గ్రానైటులోనే. అడుగున 220 డిగ్రీల పైనే వేడి. పక్కనే కేప్ స్టేషన్ దగ్గర ఫెర్వో కంపెనీ 2024లో చెప్పిన లెక్క ప్రకారం ఒక బావికి ఖర్చు 94 లక్షల డాలర్ల నుంచి 48 లక్షలకి దిగింది, అన్నిటికంటే వేగంగా తవ్వింది 21 రోజుల్లో అయిపోయింది. అంటే మన ఇరవై రాత్రుల లెక్క అసాధ్యమేమీ కాదు. అయితే అక్కడిదాకా రావడానికి బిట్టుతో పాటు పద్ధతి కూడా మారింది.

పద్ధతి ఏమిటంటే, ఒక ఘనపు మీటరు బండని తీయడానికి ఎంత శక్తి ఖర్చవుతోందో ప్రతి నిమిషం చూసుకోవడం. రిగ్గు మీద దీన్ని ఎంఎస్ఈ అంటారు. ఎనిమిదిన్నర అంగుళాల బిట్టు, నిమిషానికి 120 చుట్లు, 8 కిలో న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), గంటకి 10 మీటర్ల వేగం అనుకుందాం. లెక్కేస్తే 990 మెగాపాస్కల్స్ దగ్గర వస్తుంది. బండ బలం 200 అయితే, పెట్టిన శక్తిలో ఐదో వంతే బండని కోస్తోంది. మిగతాది రాపిడికి, వణుకుకి, పైపు గోడకి రాసుకోవడానికి పోతోంది. ఇప్పుడు బిట్టు మీద బరువు కాస్త పెంచారు. టార్కు 10కి, వేగం గంటకి 25 మీటర్లకి వచ్చింది. ఎంఎస్ఈ 495కి పడిపోయింది. బరువు పెంచితే బిట్టు పోతుందేమోనన్న భయంతో తక్కువ బరువు మీద నడిపించడమే చాలాచోట్ల పలకలు చిట్లడానికి కారణం. పలక బండలోకి దిగకపోతే పైన గెంతుతుంది, అడుగున చక్కర్లు కొడుతుంది, దెబ్బ పక్కనుంచి తగులుతుంది. కాబట్టి బరువుని ఒకటి రెండు టన్నుల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు మీద కొన్ని నిమిషాలు ఆగి, ఎంఎస్ఈ దిగుతోందా పెరుగుతోందా చూడాలి. పెరగడం మొదలైన చోట ఏదో ఒకటి అడ్డుపడుతోంది: వణుకు కావచ్చు, నుసి సరిగ్గా తేలకపోవడం కావచ్చు, పైనున్న మోటారు శక్తి చాలకపోవడం కావచ్చు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని సరిచేసి మళ్లీ పెంచాలి. వేగంలో వచ్చిన లాభమంతా ఇలా మెట్టు మెట్టుగా వచ్చిందే.

బిట్టు పైకి వచ్చాక దాని బయటి వరసని చేత్తో తడిమి చూడటం ఇంకో ముఖ్యమైన పని. కొలత రింగు తెచ్చి బిట్టుకి తొడగాలి. రింగు బిగువుగా పట్టాలి. ఒక పక్క ఆనించి రెండో పక్క చూస్తే మూడు మిల్లీమీటర్ల సందు కనిపించిందనుకోండి, అడుగున తవ్విన చివరి కొన్ని పదుల మీటర్లు ఆ మేరకి ఇరుకుగా ఉన్నాయన్నమాట. అందులోకి కొత్త బిట్టుని బరువుతో తోస్తే దాని కోన్లు లోపలికి నొక్కుకుపోయి బేరింగు అక్కడే దెబ్బతింటుంది, పీడీసీ అయితే పక్క పలకలు విరుగుతాయి. ఆ మీటర్లని తక్కువ బరువుతో తిప్పుకుంటూ, గీకుకుంటూ దిగాల్సిందే. రెండు గంటలు ఆదా చేద్దామనుకుంటే రెండు రోజులు పోతాయి.

రోజులు ఎలా పోతాయంటే, మూడు వేల మీటర్ల లోతులో ఐదు అంగుళాల పైపు మొత్తం బరువు 90 టన్నులు దాటుతుంది. గంటకి 300 మీటర్ల చొప్పున పైకి లాగితే పది గంటలు, మళ్లీ దించడానికి పది గంటలు. రిగ్గు మీద దీన్నే ట్రిప్పు అంటారు. బిట్టు 50 గంటలు బతికి గంటకి నాలుగు మీటర్లు తవ్వితే, 200 మీటర్లకి ఒకసారి ఈ ఇరవై గంటలు అర్పించుకోవాలి. వేడి బావిలో ఖర్చు లెక్క మొదలవ్వాల్సింది ఇక్కడ.

వేడికి ముందు పోయేది రబ్బరు. డౌన్‌హోల్ మోటారు (బిట్టు దగ్గరే ఉండి దాన్ని తిప్పేది) స్టేటరులోని, అంటే కదలని తొడుగులోని, మామూలు నైట్రైలు రబ్బరు 150 డిగ్రీల చుట్టుపక్కల ఉబ్బి, గట్టిపడి, తునకలుగా ఊడుతుంది. తర్వాత ఎలక్ట్రానిక్స్. బావి వంపు, దిశ చెప్పే ఎండబ్ల్యూడీ పరికరాలు ఎక్కువగా 150 డిగ్రీల రకం, కొన్ని 175 రకం. ఆ పైన పనిచేసేవి తక్కువ, ధర ఎక్కువ. లిథియం లోహం 180.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు లిథియం బ్యాటరీ అక్కడిదాకా వేడెక్కితే పేలిపోతుంది కూడా, అందుకే ఇంకా వేడి బావులకి లిథియం-మెగ్నీషియం మిశ్రమం వాడతారు.

అయితే 220 డిగ్రీల బండలో 175 డిగ్రీల పరికరం బతకగలదు, నీళ్లు తిరుగుతున్నంతసేపూ. పైనుంచి చల్లటి నీళ్లు పంపు చేస్తూ ఉంటే అడుగు చల్లగానే ఉంటుంది. పంపు ఆగితే బండ తన వేడిని మళ్లీ తెచ్చుకుంటుంది. ట్రిప్పు తర్వాత పరికరాన్ని ఏకబిగిన అడుగుకి దింపకూడదు. ప్రతి 300 మీటర్లకో, 500 మీటర్లకో ఆగి, పంపు పెట్టి, చల్లబరిచి మళ్లీ దిగాలి. పంపు చెడితే అడుగున నిలబడకుండా పైకి లాగేయాలి. స్పేరు పంపు సిద్ధంగా లేని రిగ్గుతో వేడి బావి మొదలుపెట్టకపోవడమే మంచిది.

తిరిగొచ్చే నీటిని కూడా చల్లబరచాలి. విశాఖ లాంటి తేమ ఉన్నచోట కూలింగ్ టవర్ నీటిని తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) కంటే కిందికి దించలేదు. వేసవిలో అది 27, 28 దాకా ఉంటుంది. పూగాలో గాలి చల్లగా, పొడిగా ఉంటుంది కానీ ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుకని అక్కడ తిరిగొచ్చే నీరు 60 దాటగానే జాగ్రత్తపడాలి. మడ్‌లో (బావిలో తిప్పే బురద నీటిలో) చిక్కదనానికి వేసే స్టార్చి, సీఎంసీ 120 నుంచి 150 మధ్య విరిగిపోతాయి, బెంటోనైటు మట్టి చిక్కబడి ముద్దవుతుంది. ఇలాంటిచోట సెపియోలైటు మట్టి మెరుగు. రాయి గట్టిదైతే ఉత్త నీళ్లే వాడి, అప్పుడప్పుడూ చిక్కటి జెల్ పంపి నుసిని ఊడ్చడం ఇంకా మంచిదని నా అభిప్రాయం.

పగుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆఫ్‌షోర్ అనుభవం కాస్త తప్పుదారి పట్టిస్తుంది. నూనె బావిలో మడ్ మాయమైతే వెంటనే మూసేయాలి. జియోథర్మల్ బావిలో ఆ పగులే రేపటి ఆవిరి దారి. ఉత్పత్తి భాగానికి, అంటే ఆవిరి బావిలోకి వచ్చే అడుగు భాగానికి, పైన వచ్చిన పగుళ్లని సిమెంటు ప్లగ్గు వేసి మూయాలి, ఒక్కో ప్లగ్గుకి గట్టిపడటానికి ఎనిమిది పన్నెండు గంటలు ఆగాలి. ఉత్పత్తి భాగంలో వచ్చిన పగులుని మూయకుండా, నీళ్లు తిరిగి రాకపోయినా తవ్వుకుంటూ పోవడమే పద్ధతి. ఐస్‌లాండ్‌లో రేక్యానెస్ దగ్గర లోతు తవ్వకాల ప్రాజెక్టు ఐడీడీపీ కింద తవ్విన రెండో బావి ఐడీడీపీ-2లో మూడు కిలోమీటర్ల కింద నీరు పూర్తిగా పోతున్నా 4,659 మీటర్ల దాకా తవ్వారు. అడుగున 427 డిగ్రీలు, 340 బార్ కొలిచారు.

ఇలా తవ్వాలంటే నీళ్లు ఉండాలి. నిమిషానికి 2,000 లీటర్లు పంపి ఒక్క చుక్కా తిరిగి రాకపోతే రోజుకి 28 లక్షల 80 వేల లీటర్లు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే మనకి చెప్పాలంటే, పది వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకి 288. చెరువో, పెద్ద గుంతో, పైపు లైనో ముందే సిద్ధం చేసుకోవాలి. నీళ్లు అయిపోతే బావిలో మట్టం పడిపోతుంది, పైనుంచి నొక్కే బరువు తగ్గుతుంది, అడుగు నీరు ఒక్కసారిగా ఆవిరై పైకి తంతుంది. అదే సమయంలో నుసి కిందికి జారి బిట్టు వెనక పేరుకుంటుంది. పైపు పట్టేసేది ఎక్కువగా ఇలాంటప్పుడే. పైపుని కదపకుండా అయిదు నిమిషాలు వదిలేసినా చాలు.

కేసింగ్ విషయంలో బోరు అలవాటు అసలు పనికిరాదు. ఇక్కడ ప్రతి కేసింగూ అడుగునుంచి నేల దాకా సిమెంటుతో నిండాలి. ఎందుకంటే ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు పెరుగుతుంది. వెయ్యి మీటర్ల పైపు 200 డిగ్రీలు వేడెక్కితే 2.4 మీటర్లు సాగాలి. సిమెంటు దాన్ని సాగనివ్వదు కాబట్టి ఆ సాగుడంతా ఒత్తిడిగా మారుతుంది, డిగ్రీకి 2.4 మెగాపాస్కల్స్ చొప్పున. సిమెంటు గట్టిపడినప్పుడు పైపు 80 డిగ్రీల్లో ఉండి, తర్వాత బావి 240కి వేడెక్కితే ఒత్తిడి 384. కే-55 ఉక్కు తట్టుకునేది 379. అంటే మామూలు పనిలోనే ఉక్కు తన హద్దు దాటి నలిగిపోతుంది. ఎల్-80 రకం ఉక్కు అయితే 552 దాకా ఓర్చుకుంటుంది. నలిగాక అసలు ప్రమాదం చల్లారినప్పుడు వస్తుంది. పొట్టిగా మారిన పైపు చల్లబడి ఇంకా పొట్టిదవబోతే జాయింట్ల దగ్గర లాగుకుని తెగుతుంది. 2009లో ఐస్‌లాండ్‌లోనే క్రాఫ్లా దగ్గర 2.1 కిలోమీటర్ల లోతులో శిలాద్రవాన్నే తాకిన ఐడీడీపీ-1 బావిని 2012లో చల్లటి నీళ్లు పోసి ఆపాల్సి వచ్చింది, ఆ చల్లారింపులోనే దాని కేసింగ్ దెబ్బతింది.

రెండు కేసింగ్‌ల మధ్య సిమెంటులో చిక్కుకున్న నీటి గుంట ఇంకా మోసకారి. మూసుకుపోయిన నీరు డిగ్రీ వేడికి సుమారు 15, 16 బార్ చొప్పున ఒత్తిడి పెంచుతుంది. తొమ్మిది అయిదు ఎనిమిదో వంతు అంగుళాల, అడుగుకి 47 పౌండ్ల, ఎల్-80 పైపు బయటి ఒత్తిడికి నలిగేది సుమారు 327 బార్ దగ్గర. లెక్క ప్రకారం ఇరవై రెండు డిగ్రీలు పెరిగితే చాలు, పైపు లోపలికి ముడుచుకుంటుంది. బావి వేడెక్కబోయేది వంద డిగ్రీల పైనే. అందుకే సిమెంటు పోసేటప్పుడు పైన తిరిగి రావడం కళ్లారా చూడాలి. రాకపోతే పైనుంచి చిన్న పైపులతో నింపాలి, మధ్యలో నీళ్లు నిలవకుండా.

మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 110 డిగ్రీలు దాటితే నెలల్లో బలం కోల్పోయి నీరు కారేలా తయారవుతుంది. సిమెంటు బరువులో 35 నుంచి 40 శాతం మెత్తటి సిలికా పొడి కలిపితే నిలబడుతుంది. పగుళ్లున్న బండలో బరువైన సిమెంటు పగుల్లోకే పోతుంది కాబట్టి బోలు గుళికలతోనో నురగతోనో తేలిక చేస్తారు. పరిమాణం లెక్కలో కూడా ఉదారంగా ఉండాలి. పన్నెండుంపావు అంగుళాల రంధ్రంలో ఇందాక చెప్పిన పైపు చుట్టూ మీటరుకి 29 లీటర్ల సిమెంటు పడుతుంది. 1,500 మీటర్లకి 44 ఘనపు మీటర్లు. గోడ కోసుకుపోయి వెడల్పయిన చోట్లు తప్పకుండా ఉంటాయి గనుక యాభై శాతమో, అంతకన్నా ఎక్కువో అదనంగా సైటు మీద ఉంచాలి.

తవ్వకం అయిపోయాక బావిని వేడెక్కించడం రోజుల తరబడి చేయాల్సిన పని. ముందు మూసి ఉంచి, తనంతట తాను వేడెక్కనివ్వాలి. తర్వాత సన్నటి పక్క పైపు గుండా కొద్దిగా వదలాలి, అప్పుడే పెద్ద వాల్వు కొంచెం కొంచెంగా. ఈ రోజుల్లో బావి తలభాగం ఎంత లేచిందో పక్క గోడ మీద గీత గీసి, షిఫ్టు షిఫ్టుకీ కొలిచి రాయాలి. సిమెంటు బాగా పట్టిన బావి తల కొద్దిగానే లేస్తుంది. 150 డిగ్రీలు వేడెక్కేసరికి 18 సెంటీమీటర్లు లేచిందంటే, పైనుంచి సుమారు వంద మీటర్ల పైపుని సిమెంటు పట్టుకోలేదని అర్థం. ఆ గీత ఒక్క షిఫ్టులో ఎగిరిందంటే వాల్వుని ఇంకా తెరవకూడదు. అలాగని హడావిడిగా చల్లటి నీళ్లు పోయకూడదు. ప్రవాహాన్ని ఉన్నచోటే నిలిపి, ఉష్ణోగ్రతని స్థిరపరిచి, కేసింగ్ లోపల కొలత పరికరం దింపి పైపు ఎక్కడ ముడుచుకుందో చూశాకే తర్వాతి నిర్ణయం తీసుకోవాలి.